పెరుగుతుందిలే అని కొన్న విల్లు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో పిల్ల పేరు రాయను, ఊరి పేరు కూడా కావలికి తూర్పున సముద్రం వైపు అని మాత్రమే చెబుతా. వాళ్ళ నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. "నా తప్పు గూడా రాయండి సార్, ఇంకొకడన్నా డబ్బులు మిగుల్చుకుంటాడు" అని ఆయనే అన్నాడు కాబట్టి రాస్తున్నా. ఆయన తప్పుతో పాటు నాదీ ఒకటుంది, అది మధ్యలో వస్తుంది. నేను కావలి శివార్లలో కాంపౌండ్ (కొనలకు గిలకలుండే విల్లు) నేర్పుతా, పిలకాయల విల్లులు బిగించి ట్యూన్ చేసి పెడతా, విల్లును నొక్కి తాడు విప్పే బో ప్రెస్ నా దగ్గరే ఉంది, అందువల్ల ఇలాంటి కేసులు ఏడాదికి రెండో మూడో వస్తూనే ఉంటాయి. దీన్ని మాత్రం మొదటి రోజు నుంచి నోటుబుక్‌లో రాసుకున్నా.

2025 మే. ఒలింపిక్స్‌లో కాంపౌండ్ లేదు, ఉంటే బాగుండును అని ఇన్నేళ్ళూ అనుకున్నాం కదా, 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నారని ఏప్రిల్‌లో తేలిపోయింది. ఆ వార్త చూసి నాకు ఫోన్ చేసినవాళ్ళలో ఈయన ఒకడు. పిల్లకు పదిహేనేళ్ళు, పదో తరగతికి వచ్చింది, రెండేళ్ళు వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ వేసింది, సంక్రాంతికి వాళ్ళ నాన్న కాంపౌండ్ కొనిచ్చాడు, నాలుగు నెలలుగా ఇంటి దగ్గరే వేసుకుంటోంది, స్కోరు పెరగడం లేదు. ఫోన్‌లో చెప్పింది ఇంతే.

వాళ్ళు వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆయన కారు డిక్కీ తెరిచి విల్లు పెట్టె తీస్తే, ఆ పెట్టె పట్టుకున్న నా చెయ్యి చురుక్కుమంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి డిక్కీలోనే ఉందట. మన మే నెల ఎండల్లో మూసిన కారులో విల్లు వదిలేస్తే తాడు సాగుతుంది, సాగితే పీప్ (తాడులో బిగించే, గురి చూసే చిల్లు) తిరిగిపోతుంది, లింబుల (విల్లుకు పైనా కిందా వంగే బద్దల) పొరలు ఊడే ప్రమాదం కూడా ఉంది. తీసి చూస్తే పీప్ నిజంగానే పావు వంతు పక్కకు తిరిగి ఉంది. "లాగినాక వేలితో సరిచేసుకుంటా సార్" అంది పిల్ల. నిండా లాగి పట్టుకున్న విల్లు తాడు మీద వేలు పెట్టి పీప్ తిప్పుతోందన్న మాట. ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అనకుండా నీళ్ళు తాగొచ్చా.

మా గ్రౌండులో 50 మీటర్ల దగ్గర బట్రెస్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) ఉంది కానీ, కొత్తవాళ్ళను మొదట 10 మీటర్ల దగ్గరే నిలబెడతా, టార్గెట్ కాగితం కూడా పెట్టను. ఆరు బాణాలు వెయ్యమన్నా. బాణం ఎక్కడ తగిలిందో నేను చూడలేదు, పక్కన నిలబడి పిల్లను చూశా. లాగడానికి విల్లును ఆకాశానికి ఎత్తింది. పూర్తిగా లాగేసరికి నడుము వెనక్కి వంగింది, తల వెనక్కి వాలింది, విల్లు పట్టిన ఎడమ భుజం చెవి దగ్గరికి వచ్చేసింది, దవడ ఎముక దగ్గర ఆగాల్సిన కుడి చెయ్యి చెవి వెనక్కి పోయింది. పీప్‌లోంచి చూడాలి కాబట్టి మెడ మళ్ళీ ముందుకు చాపింది. నాలుగో బాణానికి తాడు ముంజేతిని కొట్టింది. ఆర్మ్‌గార్డ్ తీయమంటే కింద నీలమూ పసుపూ కలిసిన మచ్చ.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా ఇది?"

"అది అట్టనే ఉంటది గదా సార్. ఆర్చరీ అంటే తగలతది."

వెదురు విల్లు వేసేటప్పుడు కూడా తగిలేదా అంటే కాసేపు ఆలోచించి, లేదంది.

విల్లు సంగతి. సెకండ్ హ్యాండ్, వేరే ఊరి నుంచి ఎవరి ద్వారానో కొన్నారు, అంతకుముందు వాడింది ఒక పెద్ద మగమనిషి. మంచి టార్గెట్ విల్లే. సెకండ్ హ్యాండ్ విల్లు ఏది వచ్చినా నేను ముందు దూది ఉండ తీసుకుని లింబుల అంచుల వెంట మెల్లగా రాస్తా, ఎక్కడన్నా దూది పోగు చిక్కుకుంటే అక్కడ పగులు మొదలైనట్టే, ఆ విల్లు ఇక ముట్టుకోను. దీనికి చిక్కుకోలేదు. క్యాముల (కొనల గిలకల) గాడులు శుభ్రంగా ఉన్నాయి, తాడు మీద దారం చుట్టిన సర్వింగ్ ఒక్కచోట వదులైంది, అంతే. అయితే లింబు బోల్టులు రెండూ పూర్తిగా బిగిస్తూ చుట్లు లెక్కపెడితే పైది మూడు చుట్లు, కిందిది నాలుగు చుట్లు వదిలి ఉంది. పౌండేజ్ (లాగే బరువు) తగ్గించమంటే ఎవరో చేతికొచ్చినట్టు తిప్పారు. రెండు బోల్టులూ సమానంగా తిప్పకపోతే రెండు లింబులూ రెండు రకాలుగా లాగుతాయి, ఎన్ని చుట్ల దాకా వదలొచ్చో ఆ విల్లుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, అంతకు మించి వదిలితే బోల్టు ఊడి మొహం మీదికి వస్తుంది. దీనికి పరిమితి దాటలేదు, అదృష్టం.

బరువు చూద్దామంటే నా చేతి కాటా బ్యాటరీ అయిపోయింది. "కార్లో రొయ్యల కాటా ఉంది సార్" అన్నాడు ఆయన. సరే అని బోల్టులను ముందు ఉన్నట్టే మళ్ళీ వదిలి, కాటా కొక్కేన్ని డీ లూప్‌కు (తాడు మధ్యలో కట్టే చిన్న ఉచ్చుకు) తగిలించి లాగితే అంకె 23.6 కిలోల దాకా పోయి దిగింది. అంటే 52 పౌండ్లు. కాంపౌండ్‌లో పోటీకి అనుమతించే గరిష్ఠం 60 పౌండ్లు, అంటే పదిహేనేళ్ళ పిల్ల దాదాపు పెద్దవాళ్ళ విల్లు లాగుతోంది. ఆయన మొహంలో కాస్త గర్వం కనిపించింది కూడా. అప్పుడు ఆయన కాటాతోనే లెక్క చెప్పా: 50 మీటర్ల రౌండుకు 72 బాణాలు, ఒక్కో బాణానికి 23.6 కిలోలు, మొత్తం దాదాపు 1,700 కిలోలు, ప్రాక్టీస్ బాణాలు కలపకుండానే. "ఒక చిన్న గుంట పట్టుబడి అంత సరుకు మీ పాప ఒక పొద్దుట్లో ఒక్క భుజంతో లాగుతోందన్నా" అంటే ఆ గర్వం పోయింది.

అసలు రోగం మాత్రం బరువు కాదు. గోడకు వీపు ఆనించి రెండు చేతులూ బారుగా చాపమని, వేలి కొన నుంచి వేలి కొన దాకా టేపు పెట్టా. 163 సెంటీమీటర్లు, అంటే 64.2 అంగుళాలు. దాన్ని రెండున్నరతో భాగిస్తే 25.7 అంగుళాలు. ఇది ఆమెకు కావాల్సిన లాగే పొడవుకు తొలి అంచనా మాత్రమే కానీ చాలామందికి దగ్గరగానే వస్తుంది. ఆ విల్లు డ్రా లెంగ్త్ (లాగితే ఆగే పొడవు) 27. దానికి ఉన్న మాడ్యూల్‌లో (పొడవు మార్చే క్యామ్ ముక్కలో) అదే అన్నిటికన్నా చిన్న కొలత, ఇంక తగ్గదు. అమ్మినవాళ్ళు ఈ సంగతి డబ్బులు తీసుకున్నాక చెప్పారట.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే వెదురు విల్లు నుంచి కాంపౌండ్‌కు వచ్చే ప్రతి ఇంట్లోనూ ఇదే అయోమయం. వెదురు విల్లును మన చెయ్యి ఎంత దూరం పోతే అంత లాగుతాం, దవడ దగ్గర ఆపుతాం, పొడవు నిర్ణయించేది మన ఒళ్ళే. కాంపౌండ్‌లో అలా కాదు. 1966లో అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ ఆలెన్ అనే ఆయన విల్లు కొనలకు గిలకలు బిగించి పేటెంటుకు పెట్టాడు, 1969లో వచ్చింది. మన బావి గిలక లాంటిదే, కాకపోతే ఇరుసు నడిమిన లేకుండా పక్కకు జరిపి ఉంటుంది, ఇప్పుడు దాన్నే క్యామ్ అంటున్నాం. ఆ పక్కకు జరిపినదాని వల్లే మొదట్లో బరువంతా మీద పడి, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా తేలికవుతుంది. 65 శాతం లెట్ ఆఫ్ అంటే 52 పౌండ్ల విల్లు చివర్లో చేతిలో 18 పౌండ్లే ఉంటుంది. ఆ తేలికైన చోటు క్యామ్ చివరి తిరుగుడులో మాత్రమే దొరుకుతుంది, దాని వెనక గోడ లాగా ఒక ఆపు ఉంటుంది, దాన్ని వాల్ అంటాం. ఆ గోడ ఎక్కడుంటే మనిషి అక్కడిదాకా పోవాల్సిందే. గోడ 27 దగ్గరుంటే 25.7 చేతులున్న పిల్ల మిగతా అంగుళంపావు పైచిలుకు ఎక్కడినుంచి తెస్తుంది? నడుము వంచి తెస్తుంది, భుజం ఎత్తి తెస్తుంది, మోచేతిని తాడు దారిలోకి తిప్పి తెస్తుంది. ఆ మచ్చ అందుకు.

"పిలకాయ ఎదుగుతా ఉంది గదా సార్, ఇంకో ఏడాదికి సరిపోద్ది అనుకున్నా." స్కూలు తెరిచే ముందు యూనిఫాం వదులుగా కుట్టించి, అంచు లోపలికి మడత వేయించి, ఏటా కాస్త విప్పుకుంటాం చూడండి, అదే లెక్క. నేనూ అలాంటి నిక్కర్లే తొడుక్కుని పెరిగా, ఆయన్ను తప్పు పట్టను. లెక్క వేసి చూపించా: 27 అంగుళాల విల్లు సరిపోవాలంటే చేతుల చాపు 171 దాటాలి, అంటే ఇంకా 8 సెంటీమీటర్లకు పైనే పెరగాలి. పదిహేనేళ్ళ ఆడపిల్ల ఇంకెంత పెరుగుతుంది? వాళ్ళ అమ్మను అడగండి అన్నా. ఆయన ఫోన్ చేసి మరీ అడిగాడు. పోయినేడు తెచ్చిన పావడాలు ఈ ఏడూ సరిపోతున్నాయని ఆమె చెప్పింది.

ఆ సాయంత్రం మొత్తం 72 బాణాలు 50 మీటర్లలో వేయించా, లెక్క కోసం. బాణానికి పది లెక్కన 720కి 604. తిరిగి ఆ విల్లు ముట్టుకోవద్దన్నా.

నెల రోజులు నా దగ్గరున్న ట్రైనింగ్ విల్లు ఇచ్చా, పొడవూ బరువూ రెండూ చాలా దూరం మార్చుకోగలిగే రకం. 28 పౌండ్లు. పిల్లకు అవమానంగా అనిపించింది, పక్కన పన్నెండేళ్ళ పిల్లోడు 35 లాగుతున్నాడు. భుజాన్ని ఫిజియోకు చూపించమన్నా, వాపు తప్ప పెద్దగా ఏం లేదన్నారు. బరువు ఎంతదాకా పోవచ్చో చూడ్డానికి నేను వాడేది కుర్చీ పరీక్ష: కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేల నుంచి ఎత్తి, విల్లును టార్గెట్ ఎత్తులోనే ఉంచి, పైకి ఎత్తకుండా నిదానంగా లాగగలగాలి, లాగి పట్టుకుని మెల్లగా వెనక్కి వదలగలగాలి. కాళ్ళు నేల మీద లేకపోతే ఒళ్ళంతా ఊపి లాగే దొంగతనం కుదరదు. నెల తర్వాత 38 శుభ్రంగా లాగింది, 42 కష్టంగా లాగింది, 46కు కుర్చీ కదిలింది. 42 అని రాసుకున్నా.

కళ్ళు కూడా చూశా. రెండు చేతులతో చిన్న సందు చేసి దూరంగా ఉన్న స్తంభాన్ని అందులోంచి చూడమని, ఒక్కో కన్ను మూయిస్తే తెలిసిపోతుంది. కుడి చెయ్యి, కుడి కన్ను. ఇక్కడ ఇబ్బంది లేదు. రెండేళ్ళ కిందట ఒక అబ్బాయికి కుడి చేతి విల్లు కొన్నాక ఎడమ కన్ను ప్రధానమని తేలి పడ్డ తిప్పలు వేరే కథ.

ఇక కొనడం. సాయంత్రం కావలిలో పినాకిని ఎక్కాం ముగ్గురం, రాత్రికి బెజవాడ. పెన్నకే పినాకిని అని పేరు, పినాకం అంటే శివుడి విల్లు, రైల్లో ఈ మాట చెబితే పిల్ల నవ్వి "అయితే మంచి శకునమే సార్" అంది. వాళ్ళ నాన్న మాత్రం రైలెక్కినప్పటి నుంచి ఒకటే పాట: "సురేఖ ఏది వాడతదో అదే తెప్పియ్యండి సార్." 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చినప్పటి నుంచి మన జిల్లాల్లో కాంపౌండ్ అడిగే ప్రతి తల్లీతండ్రీ మొదటి మాట ఇదే. ఆమె ఏ విల్లు వాడినా అది ఆమె చేతి పొడవుకు, ఆమె బలానికి, ఏళ్ళ తరబడి చేసిన సాధనకు అమర్చుకున్నది. సురేఖ చెప్పులు తొడుక్కుంటే మన పాదం మారుతుందా అంటే, ఆయన కాసేపు అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

తెలిసినవాళ్ళ దగ్గర మూడు రకాలు పట్టుకుని చూసే వీలు దొరికింది. ఆ మూడూ ఏ కంపెనీలవో రాయడం లేదు, హోయ్ట్, మాథ్యూస్, పీఎస్ఈ, ఏది తీసుకున్నా అన్నిట్లోనూ మంచి టార్గెట్ విల్లులున్నాయి, ఈ కేసులో పేరు వల్ల తేడా రాలేదు.

మొదటిది మా ట్రైనింగ్ విల్లు లాంటిదే, అన్నీ మార్చుకునే రకం, ఇరుసు నుంచి ఇరుసుకు 31 అంగుళాలు. చిన్నపిల్లలకు దీన్ని మించింది లేదు, కానీ ఇంత పొట్టి విల్లు 50 మీటర్లలో చేతి ప్రతి వణుకునూ చూపిస్తుంది. ఈ పిల్ల పెరగడం దాదాపు అయిపోయింది కాబట్టి, మార్చుకునే సౌకర్యానికి డబ్బులు పెట్టి స్థిరత్వం పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు.

రెండోది ఆయన మనసు పడ్డది. 40 అంగుళాల పొడవు, పై శ్రేణి, పాంప్లెట్ మీద 330 ఫీట్ పర్ సెకండ్ అని పెద్ద అక్షరాలు. ఈ అంకె గురించి తల్లిదండ్రులకు చెప్పి చెప్పి నా నోరు అరిగింది. ఆ వేగం కొలిచేది 70 పౌండ్ల బరువుతో, 30 అంగుళాల డ్రా లెంగ్త్‌తో, 350 గ్రెయిన్ల (దాదాపు 23 గ్రాముల) బాణంతో. 70 పౌండ్లు మన పోటీల్లో వెయ్యనే కూడదు. పైగా తాడు బాణాన్ని తోసే దూరం ఎంతో చూడండి: డ్రా లెంగ్త్‌లోంచి 1.75 తీసేసి, బ్రేస్ హైట్ (లాగకముందు పిడికీ తాడుకూ మధ్య దూరం) కూడా తీసేస్తే మిగిలేదే ఆ దూరం. 30 అంగుళాల మనిషికి, 7 అంగుళాల బ్రేస్ హైట్‌తో 21.25 అంగుళాలు. మన పిల్లకు 25.5 పెట్టుకుంటే 16.75. నాలుగున్నర అంగుళాల తోపు పోయాక 330 ఎక్కడ ఉంటుంది? తర్వాత ఆమె విల్లు కొలిస్తే 235 దగ్గర తేలింది. దాంతో ఏ నష్టమూ లేదు. వేట విల్లుకు వేగం కావాలి, దూరం తప్పుగా అంచనా వేసినా బాణం తగలాలి కాబట్టి. మనకు 50 మీటర్లు అంటే ఎప్పుడూ 50 మీటర్లే. సైట్ 50 మార్కుకు దించినప్పుడు బాణం ఈక స్కోప్‌కు (సైట్ కొనన ఉండే అద్దానికి) తగలకుండా పోతే చాలు. ఆ 40 అంగుళాల విల్లుకు స్టెబిలైజర్లు (ఊగకుండా ఉంచే కడ్డీలు) బిగించి చేతికిస్తే పిల్ల పట్టుకుని అయిదో బాణానికి ఎడమ చెయ్యి కిందికి జారడం మొదలైంది. ఆయన కూడా చూశాడు. నేనేమీ అనలేదు.

మూడోది 36 అంగుళాలు, మధ్య శ్రేణి, బ్రేస్ హైట్ 7, మాడ్యూల్ 24.5 నుంచి 26.5 దాకా అర అంగుళం లెక్కన మారుతుంది, లింబులు 40 నుంచి 50 పౌండ్లవి. పొట్టి చేతులవాళ్ళకు 40 అంగుళాల విల్లు అవసరం లేదని నా అభిప్రాయం, డ్రా తక్కువున్నప్పుడు తాడు మడత కోణం ఎలాగూ వెడల్పుగానే ఉంటుంది, తాడు ముక్కుకు తగులుతుంది, పీప్ కంటికి దగ్గరగానే వస్తుంది. లింబులు 50వి తీసుకుని 42కు వదలడం మీద కొంచెం తర్జనభర్జన పడ్డా. పూర్తిగా వదిలిన లింబు బిగించినంత చురుగ్గా పని చెయ్యదు. కానీ పిల్ల బలం పెరుగుతుంది, బోల్టు ఒక చుట్టు బిగిస్తే రెండు మూడు పౌండ్లు వస్తాయి, ఇందులో యూనిఫాం మడత పనికొస్తుంది. పొడవులో పనికిరాదు.

ఆయన రెండు లక్షలు పక్కన పెట్టుకుని వచ్చాడు, అదంతా విల్లుకే అనుకున్నాడు. సైట్, స్కోప్, పీప్, రెస్ట్ (బాణం ఆనేది), ముందు వెనక స్టెబిలైజర్లు, రిలీజర్ (తాడును పట్టి వదిలే మీట), డజను బాణాలు, పెట్టె, విడిగా ఒక తాడు సెట్టు. విల్లుకు సగం దాటకుండా చూశా, మిగతా సగం వీటికే సరిపోయింది. పై శ్రేణి విల్లు కొని, దానికి చవక బాణాలు పెట్టినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

బాణాల గురించి ఒక్క మాట. పాత విల్లుతో వచ్చినవి 400 స్పైన్ (బాణం వంగే కొలత) బాణాలు, పెద్దమనిషివి. బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి నడిమిన 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎన్ని అంగుళాలు వంగిందో దాన్ని వెయ్యితో హెచ్చిస్తే ఆ అంకె. అంటే అంకె పెద్దదైతే బాణం మెత్తన. మనవాళ్ళు ఉల్టా అనుకుంటారు, 400 కన్నా 600 గట్టిదని. 42 పౌండ్లకు, ఈ పొడవుకు 600 తీసుకున్నాం, రెస్ట్ ముందుకు ఒక అంగుళం మిగిలేలా కోయించాం, బరువు 270 గ్రెయిన్లు వచ్చింది. పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదు, తగ్గితే బాణం లేకుండా తాడు వదిలినట్టే విల్లు దెబ్బ తింటుంది. 42కు 210 చాలు, మనకు ఇంకా మిగులే ఉంది.

ఇప్పుడు నా తప్పు.

జూలై మొదటి వారంలో విల్లు చేతికొచ్చింది. మాడ్యూల్ 25.5లో పెట్టాలా 26లో పెట్టాలా అన్నది నా నిర్ణయం. కొలత 25.7. రెండిటికీ మధ్యలో ఉంది కదా, 26 పెడదాం, పిల్ల ఇంకాస్త పెరిగినా ఉంటుంది అనుకున్నా. రెండు నెలల కిందట ఆ తండ్రికి గోడ మీద లెక్క వేసి చూపించినవాణ్ణి నేనే. ఆ పైన ఇంకో సంగతి మరిచిపోయా. పాత విల్లుకు మణికట్టు పట్టీ ఉన్న, చూపుడు వేలితో నొక్కే రిలీజర్ వాడేది, తుపాకీ మీట లాగినట్టు ఠక్కున నొక్కే అలవాటు పడింది. అది మాన్పించడానికి బొటనవేలి రిలీజర్ ఇచ్చా. రిలీజర్ మారితే చెయ్యి ఆగే చోటు మారుతుంది, డీ లూప్ పొడవు కూడా వెనక్కి కలుస్తుంది. ఆ రెండూ కలిపి ఆమెకు కావాల్సింది 25.7 కూడా కాదు, అంతకన్నా తక్కువ.

మూడు వారాలు. 631, 628, 633. బాణాలు ఎత్తులో బాగానే ఉన్నాయి, అడ్డంగా మాత్రం చెదిరిపోతున్నాయి. 80 సెంటీమీటర్ల కాగితం మీద పది అంటే 8 సెంటీమీటర్ల వెడల్పు, ఈమెవి అడ్డంగా ఇరవై దాటుతున్నాయి. నేను గాలి మీద పెట్టా. మా దగ్గర జూలైలో మధ్యాహ్నం దాకా పడమటి గాలి వేడిగా కొడుతుంది, సాయంత్రం సముద్రం నుంచి తూర్పు గాలి తిరుగుతుంది, రెంటినీ నింద వెయ్యడానికి బాగుంటాయి. తర్వాత రెస్ట్ మీద పెట్టా, జరిపా. కాగితంలోంచి బాణం వేయించి చిరుగు చూశా, సాపుగా చిరిగింది. తర్వాత పిల్ల మీద పెట్టా, "చెయ్యి తిప్పుతున్నావు, మనసు పెట్టి వెయ్యి" అని. అది ఇప్పటికీ నాకు బాగాలేదు.

పట్టుకుంది నేను కాదు. మా దగ్గర వేసే ఒక తుంటరి కుర్రాడు గ్రౌండు కాంపౌండ్ గోడ ఎక్కి (అవును, కాంపౌండ్ గోడే) పైనుంచి ఆమె వేస్తుంటే సరదాగా ఫోన్‌లో వీడియో తీశాడు. రోజూ పక్కనుంచి చూసే నాకు పైనుంచి చూస్తే కనిపించింది: పూర్తిగా లాగినప్పుడు కుడి మోచెయ్యి బాణం గీతలో ఆగకుండా, దాటి వీపు వైపుకు పోయింది. విల్లు ఆగే గోడ, అదే వాల్, ఇంకా దూరంగా ఉంది. పక్కనుంచి నడుము నిటారుగా కనిపిస్తోంది, ఎందుకంటే నడుము వంచొద్దని మేలో నేనే తిట్టి మాన్పించా, ఆ మిగతా అర అంగుళం ఇప్పుడు మోచేతిలోంచి తెస్తోంది.

మాడ్యూల్ 25.5కు మార్చా, డీ లూప్ పావు అంగుళం పొట్టి చేశా. పొడవు మారిస్తే అంతటితో అయిపోదు, పీప్ ఎత్తు మళ్ళీ చూసుకోవాలి, బరువు మళ్ళీ తూచాలి, సైట్ మార్కులన్నీ మళ్ళీ పెట్టుకోవాలి. ఒక పూట పట్టింది. మర్నాడు పొద్దున పిల్ల మూడు బాణాలు వేసి వెనక్కి తిరిగి "సార్, ఇప్పుడు లాగినాక ఇంక ఏం చెయ్యాల్సిన పని లేదు సార్" అంది. సరైన పొడవు ఎలా ఉంటుందని ఎవరన్నా అడిగితే నేను ఇప్పుడు ఈ మాటే చెబుతున్నా.

ఆగస్టు చివర 652. లెట్ ఆఫ్ 70 శాతం కాబట్టి 42 పౌండ్లకు చేతిలో పన్నెండున్నర మిగులుతుంది. 80 శాతం మాడ్యూల్ వేస్తే ఇంకా తేలిక కదా అని వాళ్ళ నాన్న అడిగాడు, కానీ చేతిలో కాస్త బరువు ఉంటేనే విల్లు గాలికి ఊగదు, మరీ తేలికైతే సైట్ సూది గాల్లో తిరుగుతుంది, ఈమెకు ఇది సరిపోయింది. అక్టోబరు వానల్లో సగం రోజులు పోయాయి. నవంబరులో బోల్టులు ఒక్కో చుట్టు బిగించి 44 దాటించాం, కుర్చీ పరీక్ష పెట్టాకే. నెలాఖరుకు 667. ముంజేతి మీద మచ్చ లేదు, ఆర్మ్‌గార్డ్ పెట్టుకోవడం కూడా మానేసింది, నేను పెట్టుకోమంటాననుకోండి.

604 నుంచి 667 దాకా అంతా విల్లు గొప్పేనని నేను చెప్పను. ఆర్నెల్ల సాధన ఉంది, రిలీజర్ మార్పు ఉంది, తగ్గించిన బరువు ఉంది. కానీ జూలైలో అదే పిల్ల, అదే విల్లు, అదే బాణాలు, రోజూ నూటయాభై బాణాలు వేసినా 630 దగ్గర మూడు వారాలు కదలకుండా నిలబడిపోయింది, ఆ మూడు వారాల్లో తేడా ముప్పావు అంగుళమే. ఆ భాగం మాత్రం నా లెక్కల్లో స్పష్టంగా ఉంది.

ఇప్పుడు మూడు నెలలకోసారి గోడ మీద పెన్సిల్ గీత గీస్తున్నాం. మేలో 163, నవంబరులో 163.5.

పాత విల్లు నా దగ్గరే పెట్టెలో ఉంది, అమ్మి పెట్టమన్నాడు ఆయన. మంచి విల్లే, చేతుల చాపు 171, 172 ఉన్నవాళ్ళెవరికైనా హాయిగా సరిపోతుంది. పోయిన వారం ఒంగోలు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, కొడుక్కు కావాలట, రేటు కూడా పెద్దగా బేరం ఆడలేదు. పిల్లోడు చేతులు చాపితే ఎంత ఉంటాడో కొలిచి చెప్పండి అన్నా.

"ఇప్పుడు కొలవడం దేనికి సార్, ఇంకా ఎదుగుతాడు గదా" అన్నాడాయన.